మగ్గంపై పుట్టిన ఉడుపు: ఆదోని–ఎమ్మిగనూరు నేత సంప్రదాయం, వస్త్రధారణ చరిత్ర, విద్యార్థి పరిశీలన

వ్యాససంగ్రహం:

వస్త్రధారణ చరిత్రను అధ్యయనం చేసేవారు సాధారణంగా కత్తిరింపు, కుట్టు అనే రెండు పనుల ఆధారంగా దుస్తుల పరిణామాన్ని వివరిస్తుంటారు. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలలో చీర, ధోవతి, తలపాగా, కంబళి వంటి ముఖ్య వస్త్రాలకు రూపం మగ్గం మీదనే ఏర్పడింది. కాబట్టి ఈ ప్రాంతపు ఉడుపు చరిత్రకు మగ్గాన్నీ, నేత పదజాలాన్నీ, కట్టు పద్ధతినీ ప్రాథమిక ఆధారాలుగా స్వీకరించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు క్రియాపదాల సాక్ష్యాన్ని, ప్రాంత చరిత్రను, మగ్గం మీది కొలతలను, 1938లో ఏర్పడిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం తెచ్చిన మార్పును పరిశీలించి, ఇంటర్న్‌షిప్ కోసం మగ్గాల వద్దకు వెళ్ళే విద్యార్థి నమోదు చేయవలసిన అంశాలను సూచించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఆదోని, ఎమ్మిగనూరు, చేనేత, ఉడుపు, కట్టు, వృత్తిపదకోశం, మాచాని సోమప్ప, ఇంటర్న్‌షిప్.

1. ఉపోద్ఘాతం:

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి భాగమైంది. మొదటి సంవత్సరం తరువాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరం తరువాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివరి సంవత్సరంలో ఒక సెమిస్టరు పాటు దీర్ఘకాలిక ఇంటర్న్‌షిప్ అన్నది దీని క్రమం. చేతివృత్తులు ఉన్న ఊళ్ళలోని కళాశాలలకు ఇది అరుదైన అవకాశం. చరిత్ర, తెలుగు, గృహవిజ్ఞానం చదివే విద్యార్థి తన ఊరి మగ్గం ముందు కొన్ని వారాలు కూర్చోవడానికి పాఠ్యప్రణాళికే దారి ఇచ్చింది.

అయితే విద్యార్థి అక్కడికి ఏ ప్రశ్నతో వెళుతున్నాడన్నది ముఖ్యం. దుస్తుల తయారీ చరిత్ర అనగానే నేటి విద్యార్థి మనసులో మెదిలేవి టేపు, కత్తెర, కుట్టుమిషను. ఆ దృష్టితో చూస్తే మగ్గం ముడిసరుకును తయారుచేసే పరికరంగానూ, నేతకారుడు దర్జీకి బట్ట అందించే మనిషిగానూ మాత్రమే కనిపిస్తారు. ఇది పొరపాటు అంచనా. చీర నేసిన మనిషి బట్టతో పాటు ఉడుపును కూడా తయారుచేశాడు. ఆ చీర మీద ఇక కత్తెర పడవలసిన పని లేదు. అంచు ఎక్కడ ఉండాలి, కొంగు ఎంత పొడవు రావాలి, కుచ్చిళ్ళకు ఎంత బట్ట కావాలి అన్న నిర్ణయాలన్నీ పడుగు సిద్ధం చేసేనాటికే జరిగిపోయాయి.

ఈ ఒక్క విషయాన్ని గుర్తించకపోతే పశ్చిమ కర్నూలు ఉడుపు చరిత్రలో సింహభాగం చరిత్రకారుని కంటికి ఆనదు. గుర్తిస్తే, మిగిలి ఉన్న ప్రతి మగ్గమూ ఒక ఆధారపత్రంగా మారుతుంది.

2. క్రియాపదాలు చెప్పే చరిత్ర:

ఈ వాదానికి మొదటి సాక్ష్యం తెలుగు భాషలోనే ఉంది. తెలుగువారు చీర కట్టుకుంటారు, తలపాగా చుట్టుకుంటారు, రవిక తొడుక్కుంటారు, టోపీ పెట్టుకుంటారు, చొక్కా వేసుకుంటారు, దుప్పటి కప్పుకుంటారు. అన్నింటికీ కలిపి 'ధరించు' అన్న సంస్కృత సమం గ్రాంథికంలో ఉన్నా, నిత్యవ్యవహారంలో దానికి చోటు తక్కువ. శరీరం మీద బట్ట నిలిచే తీరును బట్టి క్రియ మారుతుంది. ముడితోనో మడతతోనో నిలిచేదానికి కట్టు, చుట్టు. శరీరాకృతిని అనుసరించి ముందే సిద్ధమైన దానిలోకి అవయవాన్ని దూర్చవలసి వస్తే తొడుగు.

లుంగీ రెండు అంచులు కలిపి కుట్టినదైనా దానికి 'కట్టు' అన్న క్రియే నిలిచింది. లంగా కుట్టినదే అయినా బొందుతో బిగించేది కనుక దానికీ 'కట్టు' చెల్లుతుంది. అంటే ఈ విభజనకు మూలం కుట్టు ఉండటం, లేకపోవడం కాదు. ఆకృతి శరీరం మీద ఏర్పడుతున్నదా, ముందే ఏర్పడి ఉన్నదా అన్నది. ఇటీవల కుచ్చిళ్ళు ముందే కుట్టి అమ్ముతున్న చీరలు వచ్చాయి. వాటికి వాడుకరులు ఏ క్రియను వాడుతున్నారన్నది క్షేత్రపరిశీలనలో అడిగి రాసుకోదగిన ప్రశ్న.

ఆదోని ప్రాంతంలో ఈ సాక్ష్యం మరింత బలపడుతుంది. ఇక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వ్యవహారంలో ఉన్నాయి. కన్నడంలో దుస్తులను 'ఉడుగె–తొడుగె' అన్న జంటపదంతో చెబుతారు. 'ఉడు' అంటే చీర, పంచె వంటివి కట్టుకోవడం. 'తొడు' అంటే శరీరానికి తొడుక్కోవడం. ఈ 'ఉడు' ధాతువుకు సంబంధించినదే తెలుగు 'ఉడుపు'. నేడు దుస్తులన్నింటికీ వర్తించే ఈ మాటకు మూలంలో ఉన్నది చుట్టుకునే బట్ట. ద్రావిడ భాషలు ఈ రెండు రకాల వస్త్రధారణను స్పష్టంగా వేరుచేసి చూశాయనడానికి ఈ జంటపదం చాలు.

విజయనగర ప్రౌఢదేవరాయల ఆస్థానానికి వెళ్ళిన శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువు తెలుగు పాఠకులకు సుపరిచితం. అందులో కవి తలకు కుళ్ళాయి, ఒంటికి కోక, పైన కూర్పాసం ధరించిన సంగతి చెప్పి, మూడింటికీ మూడు వేర్వేరు క్రియలను వాడటం గమనార్హం. తెలుగు దేశం నుండి కన్నడ రాజసభకు వెళ్ళిన కవి వేషం సగం మగ్గానిది, సగం సూదిది. ఆ రెండింటి నడుమ భేదం ఆ పద్యకర్తకు తెలుసు.

3. ప్రాంత నేపథ్యం: పత్తి, కోట, సరిహద్దు:

ఆదోని విజయనగర సామ్రాజ్యంలోని ముఖ్య దుర్గాలలో ఒకటి. 1565 యుద్ధం తరువాత అది బీజాపూరు ఆదిల్‌షాహీల వశమైంది. ఆ కాలపు పాలకుడు సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ పట్టణంలో ఉంది. 1688లో మొగలుల చేతికి, ఆపై నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా, 1786లో టిప్పు సుల్తాను దాడికి గురై, 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీకి సంక్రమించింది. తరువాత ఒకటిన్నర శతాబ్దం బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆలూరు, రాయదుర్గం తాలూకాలతో పాటు ఆదోని తాలూకా ఆంధ్రలో చేరింది. అప్పటి ఆదోని తాలూకాలోనిదే ఎమ్మిగనూరు. బళ్ళారితో ఉన్న ఈ సుదీర్ఘ బంధం వల్లనే ఇక్కడి నేతను తుంగభద్రకు అవతలి కన్నడ నేత కేంద్రాలతో కలిపి చూడవలసి ఉంటుంది.

నల్లరేగడి నేలలు ఈ ప్రాంతానికి పత్తిని ఇచ్చాయి. వలసపాలన నాటి వర్తకంలో బళ్ళారి, అనంతపురం, కర్నూలు మెట్టభూముల పత్తిని 'వెస్టర్న్స్' అనీ, నంద్యాల వైపు పత్తిని 'నార్దర్న్స్' అనీ పిలిచేవారు. 1871లో మద్రాసు రైలుమార్గం గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. ఆ తరువాత ఆదోని పత్తి వర్తకానికి, జిన్నింగు మిల్లులకు పెద్ద కేంద్రమయింది. పక్కపక్కనే ఉన్న ఈ రెండు ఊళ్ళలో ఒకటి పత్తిని అమ్మే ఊరుగా, మరొకటి బట్టను నేసే ఊరుగా స్థిరపడటం గమనించదగినది. ఆదోనిలోనూ నేత లేకపోలేదు. 20వ శతాబ్ది తొలినాటి రచనలు ఆదోని నూలు జంపఖానాలను ప్రత్యేకంగా పేర్కొన్నాయి.

వృత్తిసమాజాల విషయానికి వస్తే, ఎమ్మిగనూరు నేతలో కుర్ని సమాజానిది ప్రముఖ స్థానం. కన్నడంలో కురుహినశెట్టి అన్న పేరుతో వ్యవహరించబడే ఈ సమాజంవారికి నీలకంఠేశ్వరుడు ఆరాధ్యదైవం. ఎమ్మిగనూరులో ఏటా జనవరిలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఈ వృత్తితో విడదీయరాని సంబంధం ఉంది. 1901 జనాభా లెక్కల నివేదిక కుర్ని అన్న పేరును గొర్రె, ఉన్ని అన్న అర్థాలు గల కన్నడ పదాలతో ముడిపెట్టి, వీరు తొలుత ఉన్ని నేసినవారై ఉంటారని ఊహించింది. వీరితో పాటు ఈ ప్రాంతంలో తొగట, పద్మశాలి, దేవాంగ నేతకారులు, కంబళి నేసే కురుబలు, దూది ఏకే దూదేకులవారు ఉన్నారు. ఒక వస్త్రం తయారీ వెనుక ఇన్ని సమాజాల పని ఉంది.

4. మగ్గం మీది కొలత:

నేతకారుని తొలి కొలమానం శరీరమే. మోచేతి నుండి మధ్యవేలి కొన వరకు మూర. చాచిన రెండు చేతుల నిడివి బార. విప్పిన అరచేతిలో బొటనవేలి నుండి చిటికెనవేలి వరకు జాన. మూర సుమారు అరగజం కనుక 16 మూరల చీర 8 గజాలు అవుతుంది. గోచీ పోసి కట్టే పద్ధతిలో చీరకు 8, 9 గజాల నిడివి అవసరమయ్యేది. కుచ్చిళ్ళు ముందుకు దోపి, లోపల లంగా కట్టే పద్ధతి వ్యాపించిన కొద్దీ 6 గజాల లోపు బట్ట సరిపోయింది. కట్టు మారినపుడు దాని ప్రభావం మొదట పడినది పడుగు మీద. ఎన్ని బారల పడుగు పోయాలి, ఒక పడుగులో ఎన్ని చీరలు దిగాలి, ఎక్కడ కొంగు మొదలుపెట్టాలి అన్న లెక్కలన్నీ తిరగరాయవలసి వచ్చింది. ఊరి స్త్రీల కట్టులో వచ్చిన మార్పు నేతకారుని లెక్కలో నమోదయిందన్నమాట.

వెడల్పు, అంటే పన్నా, మరో రకంగా శరీరానికి బద్ధమైంది. పాత గుంట మగ్గంలో నేతకారుడు నాడెను ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకునేవాడు. కనుక బట్ట వెడల్పు అతని చేతుల అందుబాటును మించేది కాదు. అంతకన్నా వెడల్పయిన బట్ట కావాలంటే ఇద్దరు నేయాలి, లేదా రెండు పట్టెలు నేసి కలిపి కుట్టాలి. దుప్పటి, దుపట్టా అన్న మాటలలో 'రెండు' అన్న అర్థం దాగి ఉండటానికి కారణం ఇదే. గొంగడిని కూడా సాధారణంగా రెండు పట్టెలుగా నేసి కలుపుతారు. ఇక్కడ సూది ఉంది, కత్తెర లేదు. కుట్టు బట్టను విడగొట్టి ఆకృతి ఇవ్వడానికి కాక, పన్నా చాలనిచోట బట్టను కలపడానికి ఉపయోగపడింది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో మద్రాసు ప్రెసిడెన్సీలో తాడు లాగితే నాడె పరుగెత్తే మగ్గం వ్యాపించడంతో ఒక్క మనిషే వెడల్పయిన బట్ట నేయగలిగాడు. దుప్పటిలోని నడిమి కుట్టు మాయమైంది. పేరు మాత్రం మిగిలింది.

మూడవది చిక్కదనం. నూలు సన్నదనాన్నీ, పన్నాలో ఎన్ని పోగులు పడాలన్నదాన్నీ నిర్ణయించేది అచ్చు. తెలుగు నేతలో పడుగును పుంజాలలో లెక్కించేవారు; పుంజం అంటే 120 పోగులు. కంపెనీ వర్తకులు సైతం కోరమాండల్ బట్టల నాణ్యతను ఈ పుంజాల సంఖ్యతోనే చెప్పుకున్నారు. పొలంలో పనిచేసే స్త్రీ కట్టే ముతక చీరకూ, పెళ్ళిలో కట్టే చీరకూ తేడా ఈ లెక్కలోనే ఉంది. ఇతర దేశాల దుస్తుల చరిత్రలో దర్జీ కత్తిరింపు తెలియజేసే సామాజిక భేదాలలో చాలావాటిని ఇక్కడ పుంజాల సంఖ్య, అంచు వెడల్పు, కొంగు పని తెలియజేస్తాయి.

మగ్గం మీదే అతుకు వేసే నైపుణ్యానికి పొరుగునే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. బాగల్‌కోట్ జిల్లా ఇల్కల్‌లో చీర ఒడలి పడుగునూ, కొంగు పడుగునూ మెలికలుగా ఒకదానిలో ఒకటి చేర్చి మగ్గం మీదనే కలుపుతారు. నూలు ఒడలికి పట్టుకొంగు ఈ విధంగా అతుకుతుంది. సూది అవసరం రాదు. రెండు వేర్వేరు బట్టలను కలిపి ఒక ఉడుపుగా చేసే పనిని, ఇతరత్రా దర్జీది అనుకునే పనిని, ఇక్కడ నేతకారుడే చేశాడు.

తెలుగువారి వివాహంలో వధూవరులు ధరించే మధుపర్కాలు ఈ మొత్తం ఆలోచనకు నిలువెత్తు నిదర్శనం. జీవితంలోని ముఖ్యమైన ఘట్టంలో తెలుగువారు కట్టేది మగ్గం నుండి దిగిన, కత్తెర తగలని నూలు బట్ట.

5. కత్తెర చేరిన తీరు:

కుట్టుపని బయటినుండి వచ్చినదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 'కుట్టు' అచ్చతెలుగు ధాతువు. కుప్పసం, రవిక అన్న పదాలు ప్రాచీన సాహిత్యంలో ఉన్నాయి. పాల్కురికి సోమనాథుని కావ్యాలలోని వస్త్రనామాల సుదీర్ఘ పట్టికను సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) వంటి రచనలు సామాజిక చరిత్రకు ఆధారంగా స్వీకరించాయి. అయితే సాహిత్యంలోని ఈ పేర్లలో అధికభాగం నేత రకాలకు, రంగులకు సంబంధించినవి. కుట్టు రకాలకు సంబంధించినవి స్వల్పం. ఈ నిష్పత్తి కూడా చరిత్రే.

కుట్టుదుస్తులకు గౌరవస్థానం కల్పించినది రాజసభ. ఫిలిప్ వాగొనర్ 1996లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో విజయనగర ప్రభువులు కబాయి అనే పొడవాటి అంగీని, కుళ్ళాయి అనే నిలువు టోపీని సభావేషంగా స్వీకరించిన తీరును విశ్లేషించాడు. అరబ్బీ, పారశీక మూలాలు గల ఈ దుస్తులు మతానికి సంబంధించినవిగా కాక, విశాలమైన రాజకీయ ప్రపంచంలో తమకూ స్థానం ఉందని చాటే చిహ్నాలుగా పనిచేశాయని ఆయన వాదం. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా కృష్ణదేవరాయల టోపీని వర్ణించాడు. 16వ శతాబ్ది లేపాక్షి కుడ్యచిత్రాలలో పురుషుల కుళ్ళాయిలు, అంగీలు ఒకవైపు, స్త్రీల గళ్ళ చీరలు, చారల చీరలు మరొకవైపు పక్కపక్కనే కనిపిస్తాయి. రాయలసీమ ఉడుపు చరిత్రకు ఇంతకంటే మంచి చిత్రసాక్ష్యం లేదు.

ఆదిల్‌షాహీ, మొగలు, ఆసఫ్‌జాహీ పాలనల కింద ఉన్న ఆదోని కోటపట్టణంలో దర్జీ పనికి ఆదరణ లభించడం సహజం. దర్జీ, జేబు, పైజామా, షేర్వాణీ పదాలు ఆ చరిత్ర గుర్తులు. బొత్తాం పోర్చుగీసు భాష నుండి వచ్చింది. సూది, కత్తెర, దారం మాత్రం పాతవే. పదజాలంలోని ఈ పొరలను వరుసగా పేర్చి చూస్తే కుట్టుపని కొత్తగా పుట్టలేదనీ, కుట్టుదుస్తుల రకాలు విస్తరించాయనీ తెలుస్తుంది.

19వ శతాబ్ది చివర కుట్టుమిషను రావడంతో ఈ విస్తరణ సామాన్యుల వరకు చేరింది. దానికి మగ్గం స్పందించిన తీరు ఆసక్తికరం. గుళేదగుడ్డ నేతకారులు రవికకు సరిపడే పన్నాతో ఖణం అనే ప్రత్యేక వస్త్రాన్ని నేశారు. తరువాతి కాలంలో చీర చివర రవికగుడ్డను కలిపి నేయడం పరిపాటి అయింది. అంటే ఎక్కడ కత్తిరించాలో కూడా నేతకారుడే నిర్ణయించి గీత గీసి ఇచ్చాడు. కత్తెర వచ్చిన తరువాత సైతం కొంతకాలం ఉడుపు రూపకల్పన మగ్గం అధీనంలోనే కొనసాగింది.

6. ఇంటి నుండి సంఘానికి:

నేతవిద్య తరతరాలుగా ఇంటిలోనే సాగింది. పిల్లలు కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, తెగిన పోగు అతకడం, అచ్చులో పోగులు ఎక్కించడం మీదుగా మగ్గం గుంటలోకి దిగేవారు. ఆసు పోయడం, నూలు చుట్టడం వంటి పనులలో స్త్రీల శ్రమ ప్రధానం. 2019–20 నాటి నాలుగవ అఖిలభారత చేనేత గణన దేశంలోని 35.22 లక్షల చేనేత, అనుబంధ వృత్తి కార్మికులలో 70 శాతానికి పైగా స్త్రీలేనని తేల్చింది. అయినా 'నేతకారుడు' అన్న పుంలింగ పదమే వ్యవహారంలో నిలవడం గమనించాలి.

నూలు అప్పుగా ఇచ్చి బట్ట తీసుకునే షావుకారు మీద ఆధారపడటం మగ్గం ఇళ్ళకు తప్పేది కాదు. 1935లో మద్రాసు రాష్ట్రస్థాయి చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఆ వాతావరణంలోనే 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. సంఘం నూలు సమకూర్చి, నేతకూలి చెల్లించి, సరుకును తానే విక్రయించే పద్ధతి నేతకారునికి అప్పుల నుండి ఊరటనిచ్చింది. సోమప్ప కృషికి పద్మశ్రీ పురస్కారం లభించింది. ఎమ్మిగనూరు పేరు చేనేత సహకారోద్యమ చరిత్రలో స్థిరపడింది.

ఈ విజయానికి మరో ముఖం కూడా ఉంది. సుదూర విపణులకు చేరాలంటే సరుకు ఒకే కొలతలో, ఒకే నాణ్యతలో ఉండాలి. దుప్పట్లు, తువాళ్ళు, గృహాలంకరణ వస్త్రాలు అందుకు అనువైనవి. 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టం తరువాత మూర, గజం స్థానంలోకి మీటరు వచ్చింది. 'ఒక చీర', 'ఒక పంచెల చాపు' అన్న లెక్కకు పక్కనే 'ఇన్ని మీటర్ల తాను' అన్న లెక్క చేరింది. కట్టుకునే మనిషి ఎదురుగా ఉన్నపుడు నేతకారుడు ఆమె కట్టును, వయసును, పనిని ఎరిగి నేశాడు. ఎరుగని ఊరి మంచానికి దుప్పటి నేసేటపుడు ఆ ఎరుకతో పని లేదు. సంఘం నేతకారుని బతుకును నిలబెట్టింది. అదే సమయంలో ఉడుపు గురించిన జ్ఞానం నిత్యసాధన నుండి కొంత పక్కకు జరిగింది. ఈ రెండింటినీ కలిపి చెప్పినపుడే చరిత్ర సమగ్రమవుతుంది.

1985 నాటి చేనేత వస్తువుల రిజర్వేషను చట్టం కొన్ని వస్త్రాలను చేతిమగ్గానికే ప్రత్యేకించింది. ఆ చట్టం కింద ప్రకటించిన జాబితాలో చీర, ధోవతి, తువాలు, లుంగీ, దుప్పటి, జంపఖానా ఉన్నాయి. వీటిలో అధికభాగం కత్తెర అవసరం లేని వస్త్రాలే. మరమగ్గాల పోటీలో ఆ రక్షణ ఎంతవరకు ఫలించిందన్నది వేరే చర్చ.

7. విద్యార్థి నమోదు చేయవలసినవి:

ఐరోపాలో పాత దుస్తుల పునర్నిర్మాణానికి ఒక పద్ధతి స్థిరపడింది. జానెట్ ఆర్నాల్డ్ 1964 నుండి వెలువరించిన 'పాటర్న్స్ ఆఫ్ ఫ్యాషన్' సంపుటాలలో మ్యూజియంలలోని దుస్తులను కొలిచి, ప్రతి ముక్క ఆకారాన్నీ, కుట్టునూ గళ్ళకాగితం మీద చిత్రించారు. ఆ పద్ధతిని చీరకు అన్వయిస్తే కాగితం మీద మిగిలేది ఒక దీర్ఘచతురస్రం మాత్రమే. లోపం చీరది కాదు, ప్రశ్నది. చీర ఆకృతి సగం పడుగులోనూ, సగం కట్టులోనూ ఉంది.

కట్టు నమోదుకు మార్గాలు ఇప్పటికే ఉన్నాయి. షాంటల్ బులాంజే 1997లో చీరకట్టు రీతులను మడతల క్రమంతో సహా వర్గీకరించారు. ఋతా కపూర్ చిస్తీ 2010లో వెలువరించిన గ్రంథం 108 రకాల కట్టులను వివరించింది. పదజాలం నమోదుకు తెలుగులో అంతకంటే ముందే మార్గదర్శకమైన కృషి జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో ఆరంభమైన 'మాండలిక వృత్తిపదకోశం' రెండవ సంపుటం (1971) చేనేత పదాలకే కేటాయించబడింది. మగ్గం భాగాల పేర్లు, పనుల పేర్లు ప్రాంతాలవారీగా సేకరించిన ఆ గ్రంథం వెలువడి అర్ధశతాబ్దం దాటింది. నాడు సమాచారం ఇచ్చిన తరం దాదాపుగా వెళ్ళిపోయింది. ఆ పదాలలో ఎన్ని నేటికీ ఎమ్మిగనూరు మగ్గాల వద్ద వినిపిస్తున్నాయి, ఏవి మారాయి, కన్నడ, ఉర్దూ పదాలు ఎక్కడ చేరాయి అన్నది తెలుగు విద్యార్థి ఒక వేసవిలో చేయగలిగిన పరిశోధన.

ఈ మూడు పద్ధతులను కలిపితే ఒక్కొక్క పాత వస్త్రానికీ ఈ కింది నమోదు సాధ్యమవుతుంది:

అ) వస్త్రం: నిడివి, పన్నా, అంగుళానికి పడుగు పోగులు, పేక పోగులు, అంచు వెడల్పు, కొంగు నిడివి, అతుకులు, మరమ్మతు కుట్లు.

ఆ) మగ్గం: గుంట మగ్గమా కాదా, నాడె విసిరే తీరు, అచ్చు లెక్క, ఒక పడుగుకు దిగే చీరల సంఖ్య.

ఇ) కట్టు: ఆ వస్త్రాన్ని కట్టిన తరం స్త్రీపురుషుల చేతనే కట్టించి మడతల క్రమం రాయడం; పనివేళ, పండుగవేళ కట్టులో భేదం.

ఈ) మాట: ప్రతి భాగానికీ, పనికీ వాడే పదం, ఏ భాషలో, ఏ క్రియతో అన్నది యథాతథంగా.

ఉ) చేతులు: నూలు చుట్టినవారి నుండి నేసినవారి వరకు ఎవరి పని ఎంత.

వీటిలో చివరిది నైతిక బాధ్యత కూడా. నేతకు కూలి బట్ట లెక్కన వస్తుంది. విద్యార్థి ప్రశ్నలకు జవాబు చెప్పే సమయంలో నాడె ఆగుతుంది. ఆ మేరకు కూలి తగ్గుతుంది. ఈ సమయానికి పరిహారం కళాశాల ప్రణాళికలో భాగం కావాలి. ఫొటో తీయడానికి, నమూనా ప్రచురించడానికి అనుమతి తీసుకోవాలి. పూర్తయిన నివేదిక ప్రతి తెలుగులో నేత కుటుంబానికీ, సంఘానికీ చేరాలి. మార్కులు వేసిన తరువాత నివేదికలు బీరువాలలో మూతపడితే ఇంటర్న్‌షిప్ వల్ల మగ్గానికి ఒరిగేది ఏమీ లేదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతంలో ముఖ్య వస్త్రాల ఆకృతి మగ్గం మీదనే నిర్ణయమైంది. కాబట్టి ఇక్కడ నేత చరిత్రను, ఉడుపు చరిత్రను వేరుచేసి రాయడం సాధ్యం కాదు.

• కట్టు, చుట్టు, తొడుగు వంటి తెలుగు క్రియలు, కన్నడ 'ఉడుగె–తొడుగె' జంటపదం ఈ విషయానికి భాషాసాక్ష్యాలు.

• కుట్టుపని ఇక్కడ ప్రాచీనమే. రాజసభలు, పాలకవంశాల మార్పు, కుట్టుమిషను దాని పరిధిని విస్తరింపజేశాయి. మగ్గం రవికగుడ్డను నేసి ఆ మార్పును తనలో కలుపుకుంది.

• 1938 నాటి సహకారోద్యమం నేతకారుల జీవనాన్ని నిలబెట్టింది. విపణి కోసం వచ్చిన ప్రామాణీకరణ, కట్టుకునేవారికీ నేసేవారికీ మధ్య ఉన్న ఎరుకను పలుచన చేసింది.

• విద్యార్థుల ఇంటర్న్‌షిప్ వస్త్రం, మగ్గం, కట్టు, మాట, చేతులు అన్న అయిదింటినీ నమోదు చేసేదిగా ఉంటే, అది 1971 నాటి వృత్తిపదకోశానికి కొనసాగింపు అవుతుంది.

రాజుల కబాయిలు, కుళ్ళాయిలు శిల్పాలలో, చిత్రాలలో, యాత్రికుల రాతలలో నిలిచాయి. పొలంలో కలుపు తీసిన స్త్రీ కట్టిన 16 మూరల చీర ఏ గోడ మీదా లేదు. కట్టి చిరిగి, బొంతగా మారి, పీలికలై పోయింది. దాని కొలత, దాని మడత, దాని అంచు పేరు నేడు కొందరు వృద్ధుల జ్ఞాపకంలో ఉన్నాయి. ఆ జ్ఞాపకాన్ని అడిగి రాసుకునే అవకాశం ఇంకా మిగిలి ఉన్న కాలమిది.